ఎర్ర గొడుగు, చెక్క గిన్నె

అక్టోబరు నెలాఖరుకి మా వీధి చివర బర్చ్ చెట్ల కింద ఎర్రగొడుగులు లేస్తాయి. మేముండేది అమెరికా వాయవ్య మూల, సియాటిల్‌కి దగ్గర్లో. అప్పటికి వానలు మొదలై రెండు మూడు వారాలై ఉంటుంది. ముందు నేలని చీల్చుకుని తెల్లటి గుడ్డులాంటిది పైకొస్తుంది. ఒకటి రెండు రోజుల్లో దాని పైపొర చిట్లి లోపల్నించి ఎర్రటి టోపీ బయటపడుతుంది. చిట్లిన పొర ముక్కలే టోపీ మీద తెల్లటి బొడిపెలుగా మిగిలిపోతాయి. గట్టి వాన పడితే అవి కొట్టుకుపోతాయి కూడా.

మా అమ్మాయికి ఆరేళ్ళప్పుడు దీన్ని మొదటిసారి చూసి, "మారియో పుట్టగొడుగు!" అంటూ పరిగెత్తింది. నేను వెనకాలే పరిగెత్తి, "నోట్లో పెట్టకు, విషం!" అని కేకేశాను. అది ఆగి, నావైపు అనుమానంగా చూసింది. "విషమైతే మరి అన్ని బొమ్మల్లోనూ దీన్నే ఎందుకేస్తారు?"

మంచి ప్రశ్న. పిల్లల కథల పుస్తకాల్లో మరుగుజ్జుల ఇళ్ళు ఇవే. జర్మనీలో కొత్త సంవత్సరం కార్డుల మీద గుర్రపునాడాతో పాటు శుభసూచకంగా వేసేదీ ఇదే. అక్కడ అదృష్టవంతుణ్ణి 'గ్లుక్స్‌పిల్స్' అంటారు, అంటే 'అదృష్టపు పుట్టగొడుగు' అని. తింటే వాంతులు, మతిభ్రమ, మత్తునిద్ర తెప్పించే ఒక శిలీంధ్రానికి ఇంత పేరెలా వచ్చింది? దాని చరిత్ర నాకు అప్పటికే కొంత తెలుసు. తెలుసనుకుని ఒకసారి నలుగురిలో నోరు జారాను కూడా. ఆ సంగతి తరవాత చెప్తాను.

దీనికి తెలుగు పేరు నేనెక్కడా వినలేదు. మనకి పుట్టమీద మొలిచి కూరకి పనికొచ్చేది పుట్టగొడుగు, ఎవరూ ముట్టనిది కుక్కగొడుగు. ఆ లెక్కన ఇది కుక్కగొడుగే. యూరపు భాషల్లో మాత్రం దీని పేరు చుట్టూ ఈగలు ముసురుతూనే ఉంటాయి. రష్యన్‌లో 'ముహమోర్', ఈగల్ని చంపేది. ఫ్రెంచిలో, జర్మన్‌లో, ఇంగ్లీషులో కూడా ఈగల పేరే. పదమూడో శతాబ్దంలో ఆల్బర్టస్ మాగ్నస్, దీన్ని పాలల్లో నలిపిపెడితే ఈగలు చస్తాయని రాశాడు. 1753లో లినేయస్ శాస్త్రీయ నామం పెట్టేటప్పుడు లాటిన్లో ఈగ అనే అర్థమున్న 'మస్కా' నుంచి 'మస్కారియస్' అన్నాడు. ఇప్పటి పేరు అమనీటా మస్కారియా. నిజానికి ఈగలు చాలాసార్లు చావవు, మత్తెక్కి పడిపోతాయి. మధ్యయుగపు యూరపులో బుర్రలోకి ఈగ దూరితే పిచ్చెక్కుతుందని నమ్మేవారు కాబట్టి, ఆ పేరు వెనకున్నది పాలగిన్నెలో ఈగ కాదు, బుర్రలో ఈగ అని వాదించినవాళ్ళూ ఉన్నారు. బుర్రలో పురుగు దొలుస్తోందని మనమూ అంటాంగా.

ఈ పుట్టగొడుగు చరిత్రలో ఈగలకంటే ముఖ్యమైనది ఒక చెక్క గిన్నె. దాన్ని యూరపుకి చూపించినవాడు ఫిలిప్ యోహాన్ ఫోన్ స్ట్రాలెన్‌బెర్గ్ అనే స్వీడిష్ సైన్యాధికారి. 1709లో పోల్టావా యుద్ధంలో స్వీడన్ ఓడిపోయినప్పుడు రష్యన్లకి బందీగా చిక్కి, పదేళ్ళకి పైగా సైబీరియాలో గడిపాడు. విడుదలై ఇంటికొచ్చాక 1730లో స్టాక్‌హోమ్‌లో ఆ దేశాల గురించి పెద్ద పుస్తకం వేశాడు. అందులో ఈశాన్య సైబీరియాలోని కొర్యాకుల గురించి ఒక పేరా ఉంది. రష్యన్ వ్యాపారులు వాళ్ళకి ఈ పుట్టగొడుగులిచ్చి నక్క, ఉడుత, సేబుల్ తోళ్ళు పట్టుకెళ్తారు. డబ్బున్నవాళ్ళు చలికాలానికి సరిపడా నిలవ చేసుకుంటారు. విందులో ఆ నీళ్ళు తాగి మత్తెక్కుతారు. కొనుక్కోలేని పేదవాళ్ళు బయట గుడిసె చుట్టూ కాపు కాస్తారు. లోపల తాగినవాడు ఒంటేలుకి బయటకొచ్చినప్పుడు చెక్క గిన్నె పట్టి, ఆ మూత్రం తాగి తామూ మత్తెక్కుతారు.

చదువుతుంటే కడుపులో తిప్పుతుంది కానీ ఇది కట్టుకథ కాదు. ఇందులో మత్తెక్కించే పదార్థంలో కొంత భాగం శరీరంలో మార్పు చెందకుండా మూత్రంలో బయటికి పోతుంది. ఆ మాట రసాయనశాస్త్రం చెప్పడానికి ఇంకా రెండొందల ఏళ్ళు పైన పట్టింది. గుడిసె బయట నిలబడ్డ పేద కొర్యాకుకి అది ముందే తెలుసు.

యూరపు పాఠకులకి కావలసింది రసాయనం కాదు, వింత. 1762లో ఆలివర్ గోల్డ్‌స్మిత్ ఈ కథని తీసుకుని లండన్ మీద వ్యంగ్యం రాశాడు. మన దగ్గర ప్రభువులు, వాళ్ళ చుట్టూ చేరే ఆశ్రితులు ఉన్నారు కదా, ఈ పద్ధతి ఇక్కడికొస్తే ఎంత చక్కగా కుదురుతుందో అని. అప్పటికే ఆ చెక్క గిన్నె చేతులు మారడం మొదలైంది. స్ట్రాలెన్‌బెర్గ్ రాసినదాన్ని గోల్డ్‌స్మిత్ తాగాడు, గోల్డ్‌స్మిత్ రాసినదాన్ని ఇంకొకరు. ఈ పుట్టగొడుగు గురించి తరవాత పుట్టిన పెద్ద పెద్ద సిద్ధాంతాల్లో చాలా మటుకు ఇలా గుడిసె బయట నిలబడి పట్టుకున్నవే. నేను తాగినదీ అదే.

గుడిసె లోపల ఏం జరిగేదో కొంచెం దగ్గర్నించి చూసినవాళ్ళూ లేకపోలేదు. రష్యన్ పరిశోధకుడు స్టెపాన్ క్రషెనిన్నికొవ్ 1737 నుంచి నాలుగేళ్ళు కంచత్కాలో తిరిగాడు. ఆయన పుస్తకం 1755లో వచ్చింది. ముందు కాళ్ళూ చేతులూ అదురుతాయి, తరవాత మనిషినిబట్టి ఆనందమో భయమో కమ్ముకుంటుంది, చిన్న సందు పెద్ద ద్వారంలా, తొట్టెలో నీళ్ళు సముద్రంలా కనిపిస్తాయి అని రాశాడు. తిన్నవాళ్ళు తామేం చేసినా పుట్టగొడుగు ఆజ్ఞాపించింది కాబట్టే చేశామనేవారట. ఒకణ్ణి మోకాళ్ళమీద కూర్చుని పాపాలన్నీ ఒప్పుకోమందట. ఇంకొకణ్ణి గొంతు నులుముకోమందట. సరదాగా మొదలయ్యే ఈ కథల్లో చావులు కూడా ఉన్నాయి.

యూజెఫ్ కోపెచ్ అనే పోలిష్ సైన్యాధికారిది ఇంకో అనుభవం. 1794 నాటి పోలండ్ తిరుగుబాటులో పాల్గొన్నందుకు రష్యా ఆయన్ని కంచత్కాకి పంపించేసింది. అక్కడ జ్వరంతో, నిద్రలేక తీసుకుంటుంటే ఒక మతప్రచారకుడు మందుగా ఈ పుట్టగొడుగు ఇచ్చాడు. తోటలు, పూలు, తెల్లబట్టల్లో అందమైన ఆడవాళ్ళు కల్లోకొచ్చారు. మర్నాడు ఇంకొంచెం తిన్నాడు. ఈసారి తన బతుకంతా, చిన్నప్పట్నించీ తెలిసిన మనుషులందరితో సహా, కళ్ళముందు తిరిగింది. దేశంలేని, ఇల్లులేని ఒక ఖైదీ కంచత్కా మంచులో తన ఊరివాళ్ళందర్నీ చూసొచ్చాడు. ఇందులో పుట్టగొడుగు వంతెంతో, బెంగ వంతెంతో విడదీయడం కష్టం.

కొర్యాకులు స్వయంగా ఏమనుకునేవారు? అది కాగితం మీదకి రావడానికి ఇంకో వందేళ్ళు పట్టింది. 1900-01లో కొర్యాకుల మధ్య ఉండి వాళ్ళ కథలు రాసుకున్న వొల్దెమార్ యోహెల్సన్, పక్కనే చుక్చీల గురించి రాసిన బొగొరాజ్, ఇద్దరూ జారు ప్రభుత్వం సైబీరియాకి తరిమేసిన విప్లవకారులే. యోహెల్సన్ విన్న కథ ఇది. పెద్దకాకి ఒక తిమింగలాన్ని పట్టాడు. దాన్ని తిరిగి సముద్రానికి పంపించాలి, కానీ తిండి మూట ఎత్తి దాని వీపున పెట్టలేకపోతున్నాడు. దేవుణ్ణి సాయమడిగితే, ఫలానా మైదానానికి వెళ్ళు, అక్కడ తెల్ల కాడలు, చుక్కల టోపీలు ఉంటాయి, తిను అన్నాడు. దేవుడు నేలమీద ఉమ్మినచోట మొలిచినవి అవి. పేరు 'వాపాక్'. పెద్దకాకి వాటిని తిని, మూట అవలీలగా ఎత్తేశాడు. వాపాక్ భూమ్మీదే ఉండనీ, అది చూపించేదాన్ని నా పిల్లలు చూడనీ అన్నాడు. బొగొరాజ్ రాసినదాన్నిబట్టి చుక్చీలకి పుట్టగొడుగులు మనుషులే, వేరే తెగ. ఎవడెన్ని తింటే అంతమంది పుట్టగొడుగు మనుషులు వాడికి కనిపించి చెయ్యిపట్టుకుని తీసుకెళ్తారు.

చుకోత్కాలో పెగ్తిమెల్ నది ఒడ్డున రాళ్ళమీద చెక్కిన బొమ్మలున్నాయి. రెయిన్‌డీర్ల వేట, పడవలు, వాటి మధ్య తలమీద పెద్ద పుట్టగొడుగు ఉన్న మనుషులు. 1960లలో సోవియట్ పురాతత్వవేత్త దీకొవ్ వాటిని పరిశీలించి, బొగొరాజ్ రాసిన పుట్టగొడుగు మనుషులు వీళ్ళేనన్నాడు. అదే ప్రభుత్వం అంతకుముందు సైబీరియా షామన్లని వెంటాడి, జైళ్ళలో పెట్టి, వాళ్ళ డోళ్ళు లాక్కుంది. రాతిమీది మనుషులు పరిశోధనకి పనికొచ్చారు. బతికున్నవాళ్ళు పనికిరాలేదు.

ఇక రసాయనం. 1869లో ష్మీడెబెర్గ్, కొప్పె అనే ఇద్దరు ఈ పుట్టగొడుగు నుంచి 'మస్కరీన్' అనే విషాన్ని వేరుచేశారు. అది కప్ప గుండెని నెమ్మదింపచేసి ఆపేస్తుంది. అట్రోపీన్ ఇస్తే మళ్ళీ కొట్టుకుంటుంది. ఇంకేం, విషం దొరికింది, విరుగుడూ దొరికింది. దాదాపు వందేళ్ళు ఇది తిన్నవాళ్ళకి వైద్యులు అట్రోపీన్ ఇస్తూ వచ్చారు. తీరా చూస్తే ఇందులో మస్కరీన్ ఉండేది లేశమాత్రం. అసలైనవి ఐబోటెనిక్ ఆమ్లం, మస్సిమోల్ అని 1960లలో జపాన్‌, స్విట్జర్లాండ్, ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు తేల్చారు. ఐబోటెనిక్ అన్న మాట ఒక జపాన్ పుట్టగొడుగు పేరు నుంచి వచ్చింది. 'ఇబో' అంటే పులిపిరి, 'తెంగు' అంటే పొడుగుముక్కు భూతం. ఈ ఆమ్లం మస్సిమోల్‌గా మారుతుంది. మెదడులో నరాల వేగానికి కళ్ళెం వేసే 'గాబా' అనే రసాయనం ఉంది, మస్సిమోల్ దాని వేషం వేసుకుని దాని చోట్లో కూర్చుంటుంది. అందుకే మగత, తడబాటు, కలలాంటి మెలకువ, ఉన్నవి పెద్దగానో చిన్నగానో కనిపించడం. అట్రోపీన్ దీన్ని విరవదు సరికదా, మతిభ్రమని ఇంకా పెంచగలదు.

అంటే, ఒక అందమైన వివరణ వందేళ్ళపాటు రోగుల ఒంట్లోకి సూదిమందుగా ఎక్కింది. తప్పు తేలాక కూడా పేరు మాత్రం నిలబడిపోయింది. మన గుండె మీద, ఊపిరితిత్తుల్లో ఉండే ఒక రకం గ్రాహకాల్ని ఇప్పటికీ 'మస్కరినిక్' అనే అంటారు. మా అమ్మ వాడే ఇన్‌హేలర్ డబ్బాలో కాగితం మడత విప్పితే 'యాంటీమస్కరినిక్' అని ఉంటుంది. కంచత్కా గుడిసెల నుంచి మా అమ్మ దిండు పక్కకి ఆ ఈగ ఎగిరొచ్చింది.

దీన్ని తిన్నవాళ్ళలో ఎక్కువమంది ఒకరోజు మత్తునిద్ర పోయి లేస్తారు. దీని దాయాది 'డెత్ క్యాప్' లాగా కాలేయాన్ని తినేసే రకం కాదు. అలాగని చంపదనీ కాదు. 1897లో వాషింగ్టన్‌లో ఒక ఇటాలియన్ దౌత్య ఉద్యోగి, తన దేశంలో ఇష్టంగా తినే సీజర్ పుట్టగొడుగులనుకుని వీటిని తెప్పించుకుని తిని చనిపోయాడు. ఆ ఎర్రదనం, ఈ ఎర్రదనం ఒకటే అనుకున్నాడు. పోలిక కనిపించగానే అదే ఇదని నమ్మేయడం పండితులకే కాదు, ఆకలేసినవాళ్ళకీ ఉన్న జబ్బు.

పండితుల జబ్బు మొదట బయటపడింది 1784లో. శామ్యూల్ ఓడ్‌మన్ అనే స్వీడన్ మతాచార్యుడు సైబీరియా కథలు చదివి, మన పూర్వీకులైన బెర్సెర్క్ యోధులు యుద్ధంలో వెర్రెత్తిపోయి డాళ్ళు కొరికేవారు కదా, వాళ్ళు తిన్నది ఇదే అయ్యుంటుందన్నాడు. ఐస్‌లాండ్ వీరగాథల్లో ఎక్కడా పుట్టగొడుగు ఊసే లేదు. కాళ్ళు తడబడి నిద్రొచ్చే సరుకు తిని కత్తియుద్ధం ఎలా చేస్తారని ఎవరూ అడగలేదు. ఈ మాట ఇవాళ్టికీ టీవీ చరిత్రల్లో నిజంగానే చలామణీలో ఉంది. ఈమధ్య శాంటాక్లాజ్‌ని కూడా ఈ గిన్నెలో ముంచారు. ఎర్రబట్టలు, తెల్ల అంచులు, ఎగిరే రెయిన్‌డీర్లు, పొగగూటిలోంచి దిగడం అన్నీ సైబీరియా షామన్ల నుంచేనట. శాంటా ఇప్పటి రూపం పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ కవితల్లో, పత్రికల బొమ్మల్లో ఎలా తయారైందో ఏడాదివారీగా కనిపిస్తూనే ఉంది. అయినా ప్రతి డిసెంబరులోనూ ఎవరో ఒకరు నాకు ఈ కథ పంపిస్తారు.

నవ్వడం తేలికే. నేను మునిగిన గిన్నె వేరు.

గోర్డన్ వాసన్ న్యూయార్క్‌లో జె. పి. మోర్గన్ బ్యాంకు ఉపాధ్యక్షుడు. భార్య వలెంతీనా రష్యాలో పుట్టిన పిల్లల వైద్యురాలు. 1927లో కొత్త దంపతులుగా క్యాట్‌స్కిల్ కొండల్లో నడుస్తుంటే ఆవిడ పుట్టగొడుగులు చూసి సంతోషంతో పరిగెత్తి ఒళ్ళో వేసుకుంది. ఆయనకి వణుకు పుట్టింది. ఆవిడ ఆ రాత్రి వండుకు తింటే, తెల్లారేసరికి తనొక్కడే మిగుల్తాడేమోనని భయపడ్డాడు. ప్రపంచంలో పుట్టగొడుగుల్ని ప్రేమించే జాతులు, అసహ్యించుకునే జాతులు అని రెండున్నాయని అప్పుడు తోచి, జీవితమంతా దాని మీదే పనిచేశారు. 1957లో 'లైఫ్' పత్రికలో ఆయన మెక్సికో వ్యాసం వచ్చింది. అక్కడి పుట్టగొడుగు వేరే జాతి. తనని నమ్మి రాత్రి పూజలో కూర్చోనిచ్చిన మరియా సబీనా ఊరి మీదకి ఆ తరవాత విదేశీయులు వరదలా వచ్చిపడ్డారు. ఊరివాళ్ళు ఆవిణ్ణి వెలివేశారు, ఇల్లు తగలబడింది.

1968లో వాసన్ సోమం మీద పుస్తకం వేశాడు. ఋగ్వేదంలోని సోమం మరేదో కాదు, ఈ ఎర్రగొడుగే అన్నాడు. సోమం వేరు, ఆకు, పువ్వు, విత్తనం గురించి ఋషులు ఎక్కడా చెప్పలేదు. కొండల మీద పుడుతుందన్నారు. హిందూకుష్‌లో, హిమాలయాల్లో భూర్జ వృక్షాలున్నాయి, వాటి వేళ్ళని పట్టుకునే ఇది బతుకుతుంది. 'హరి' అన్న రంగు ఎరుపు. అన్నిటికీ మించి తొమ్మిదో మండలం డెబ్భై నాలుగో సూక్తంలో ఉబ్బిన మనుషులు సోమాన్ని మూత్రంగా పోస్తారన్నట్టున్న మాట. స్ట్రాలెన్‌బెర్గ్ చెక్క గిన్నె సరాసరి వేదంలో దొరికింది! మహాభారతంలో కూడా ఉందిగా అన్నారు. అశ్వమేధపర్వంలో ఉదంకుడు ఎడారిలో దాహంతో ఉంటే, కుక్కల్ని వెంటేసుకున్న దిగంబరుడైన మాతంగుడొకడు వచ్చి తన మూత్రాన్ని నీళ్ళుగా ఇస్తాడు. ఉదంకుడు ఛీ కొడతాడు. తీరా వచ్చినవాడు ఇంద్రుడు, ఇచ్చింది అమృతం. మనువు పుట్టగొడుగుల్ని ద్విజులకి నిషేధించాడంటే, ఒకప్పుడు పవిత్రమై ఉండబట్టేనని ఇంకో మాట.

ఇరవై ఏళ్ళ కిందట ఈ పుస్తకం నాకు పూనకం తెప్పించింది. మా ఊళ్ళో తెలుగువాళ్ళం నెలనెలా కలుసుకునే సాహిత్య సమావేశంలో గంటసేపు మాట్లాడాను. బొమ్మలు చూపించాను. చప్పట్లు కొట్టారు. వెనక వరసలో, కొడుకు దగ్గరికి వచ్చిన ఒక రిటైరైన తెలుగు మాస్టారు కూర్చున్నారు. కోనసీమ మనిషి. చిన్నప్పుడు అగ్రహారంలో సోమయాగం చూశారట.

"బాగా చెప్పావు బాబూ," అన్నారు. "చిన్న సందేహం. అక్కడ తీగముక్కల్ని ఎద్దు తోలు పరిచి, దానిమీద రాళ్ళతో టకటకా దంచేవారు. ఆ రాళ్ళకి కూడా మంత్రాలుంటాయి. పుట్టగొడుగుని పిండడానికి రాయెందుకయ్యా? చేత్తో నలిపితే చాలదూ?"

హాల్లో అందరూ నవ్వారు. నేను కూడా నవ్వి, "ఎండబెట్టినవి గట్టిగా ఉంటాయి మాస్టారూ. అయినా ఇప్పుడు యాగాల్లో వాడే సోమలత అసలు సోమం కాదు కదండీ, బదులుగా పెట్టుకున్నదే," అన్నాను. అది నిజమే. అసలైనది దొరక్కపోతే ఏం వాడాలో బ్రాహ్మణ గ్రంథాలే జాబితా ఇచ్చాయి. కానీ ఆయన అడిగింది తీగ గురించి కాదు, రాయి గురించి. ఆయన "ఓహో" అని కూర్చున్నారు. కాఫీల దగ్గర నాతో ఇంకేం మాట్లాడలేదు. ఆ రోజు నాకది గెలుపులాగే అనిపించింది.

ఆ రాయి నా చెప్పులో ఉండిపోయింది. కొన్నేళ్ళకి, కేంబ్రిడ్జిలో సంస్కృతం ఆచార్యుడు జాన్ బ్రౌ 1971లో వాసన్ పుస్తకం మీద రాసిన విమర్శ చదివాను. సోమం తాగిన ఇంద్రుడు వృత్రుణ్ణి చంపడానికి ఉరుకుతాడు. అది ఉత్సాహాన్నిచ్చేది, నిద్రపుచ్చేది కాదు అన్నాడు బ్రౌ. మూత్రం అని చదివిన మాటని వాన కురిపించే మరుత్తుల గురించిన మాటగా చదవచ్చన్నాడు. వేదంలో వాన అలా కురవడం కొత్తేమీ కాదు. వాసన్ మరుసటి ఏడే జవాబిచ్చాడు కానీ నాకు అప్పటికే మత్తు దిగడం మొదలైంది. 1989లో హారీ ఫాల్క్ ఇంకో అడుగు వేశాడు. సోమం మెలకువగా ఉంచుతుందని, దాన్ని రాత్రంతా సాగే కర్మలో తాగుతారని చూపించి, ఎఫెడ్రా అనే కాడలమొక్క వైపు వేలు పెట్టాడు. ఇరాన్ వైపు జొరాస్ట్రియన్లు హోమం పేరుతో వాడుతూ వచ్చింది దాన్నే. సోమం ఏ మొక్కో ఇప్పటికీ తేలలేదు. కానీ వేదంలో ఉన్నది 'అంశువు', అంటే కాడ. పీచున్న కాడల్లోంచి రసం రావాలంటే రాయి కావాలి.

వాసన్ పుస్తకాన్ని మళ్ళీ తెరిచాను. మొదటిసారి నేను దాటేసిన పేజీ ఒకటి కనిపించింది. 1965లోనూ, 66లోనూ ఆయన జపాన్‌లో మిత్రులతో కలిసి ఈ పుట్టగొడుగుని స్వయంగా తిని చూశాడు. కడుపులో వికారం, వాంతులు, నిద్ర. ఒకే ఒక్క మిత్రుడికి మాత్రం ఉల్లాసం కలిగింది. ఫలితాలు నిరాశపరిచాయని ఆయనే దాపరికం లేకుండా రాసుకున్నాడు. అయినా సిద్ధాంతం నిలబెట్టాడు. నా నాలుక చెప్పినదాని కంటే స్ట్రాలెన్‌బెర్గ్ గిన్నెలో ఉన్నదే నిజమనుకున్నాడు. ఆయన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. నేను తిననన్నా తినలేదు, వేదం మూలం చదవనన్నా చదవలేదు. యాగం కళ్ళారా చూసినవాడు ఎదురుగా నిలబడి అడిగితే నవ్వి ఊరుకున్నాను.

ఉదంకుడి కథ కూడా మళ్ళీ చదివాను. నేను ప్రసంగంలో చెప్పకుండా వదిలేసిన చివర ఒకటుంది. అమృతం పోగొట్టుకున్న ఉదంకుడికి కృష్ణుడు ఇంకో వరమిస్తాడు. నీకు దాహమేసినప్పుడల్లా ఎడారిలో మేఘాలొచ్చి వాన కురుస్తుంది, వాటిని ఉదంకమేఘాలంటారు అని. ఆ కథ కూడా వానతోనే ముగుస్తుంది. ఆ కథలో ఉదంకుడి తప్పు, ఇచ్చినవాణ్ణి చూసి, ఇచ్చినదాన్ని కాదనడం. ఆ రోజు నేను చేసిందీ అదే. మాస్టారి దగ్గర పుస్తకం లేదు, ఇంగ్లీషు లేదు, పవర్‌పాయింట్ లేదు. ఉన్నది ఒక్క రాయి.

మా అమ్మాయి ప్రశ్నకి జవాబు కూడా ఇందులోనే ఎక్కడో ఉందనుకుంటాను. దీన్ని అన్ని బొమ్మల్లోనూ వేసేది అందరికీ కనిపిస్తుంది కాబట్టి. పచ్చగడ్డిలో ఇంత ఎర్రగా నిలబడ్డదాన్ని చూసి, దీని వెనక పెద్ద రహస్యం ఉండకుండా ఉండదనుకుంటాం. కొర్యాకులకి అది రహస్యం కాదు. చలికాలం దాచుకున్న సరుకు, తిమింగలం కథ, ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య గుడిసె గోడ. వాళ్ళ తరవాత వచ్చినవాళ్ళం అందరం దాన్లో ఇంద్రుణ్ణీ, శాంటానీ, వైకింగులనీ చూశాం. తొట్టెలో సముద్రం కనిపించడమంటే అదేనేమో.

ఈ అక్టోబరులో అమ్మాయి కాలేజీ నుంచి ఫొటో పంపింది. హాస్టల్ వెనక, వానకి బొడిపెలు కొట్టుకుపోయి నున్నగా మెరుస్తున్న ఎర్రగొడుగు. కింద "నాన్నా, నీ సోమం" అని రాసింది. నవ్వొచ్చింది. అది మాస్టారికి పంపిద్దామని ఫోన్‌లో పేరు వెతికాను. ఆయన పోయి నాలుగేళ్ళయిందని నంబరు కనిపించాక గుర్తొచ్చింది.